మీరు చెప్పారు

నాంపల్లి కోర్టు గేటు పక్కన
రేకుల కింద నా బల్ల.
ఒక ప్రింటరు, ఒక స్టాంప్ ప్యాడు,
పోయిన దసరా నుంచి ఫోన్ల ఒక మాట్లాడే మిషన్.
ఎవలొచ్చి ఏం చెప్పుకున్నా గండ్లనే పోస్త,
అర్జీ అయి బయటికొస్తది.

నిన్న కరెంటు పోయింది. గిరాకీ లేదు.
ఊకె కూసోలేక
దాని కడుపుల ఏమున్నదో తెరిచి చూసిన.
పైన రాసి ఉన్నది:
మీ గురించి నాకు గుర్తున్నవి.

మీరు వితంతువు. మీ పింఛను మార్చి నుంచి ఆగిపోయింది.
మీ ఆటోను ఫైనాన్సు వాళ్ళు తీసుకెళ్ళారు.
మీ మూడో కూతురు పేరు తస్నీమ్. ఆధార్‌లో తన్సీమ్ అని పడింది.
మీకు పల్లీలు పడవు.
మీరు భర్త మీద పెట్టిన కేసు వాపసు తీసుకోవాలనుకుంటున్నారు.

నవ్వొచ్చింది.
నా మొగడు ఛాయ్ తెస్తనని పోయి అరగంటాయె,
పల్లీల పొట్టు ఇంక నా ఒళ్లెనే ఉన్నది.

పింఛను జియాగూడ సత్తెవ్వది.
"మరుపు నాది కాదు బిడ్డా, సర్కారుది" అన్నదామె.
గా మాట మిషన్ దాచుకోలే.
ఆటో ఖదీర్ భాయ్‌ది.
బండి లేని తాళంచెవిని వేలికి తిప్పుకుంట తిప్పుకుంట
మూడు నెలల కిస్తీలు లెక్క చెప్పిండు.
అదీ దాచుకోలే.
కేసు వాపసన్న పిల్ల పేరే చెప్పలే,
గాజులు మోచేతి దిక్కు తోసుకుంట మాట్లాడి
కాయితం తీసుకోకుండనే లేసి పోయింది.
ఆమె భయం ఇప్పుడు నా పేరు మీదున్నది.

ఎనక నుంచి ఆయన, రెండు చేతులల్ల ఛాయ్ గ్లాసులు:
"నా మీద కేసెప్పుడు పెట్టినవే?"
నవ్వుతనే అడిగిండు గని
గ్లాసు బల్ల మీద పెట్టెటప్పుడు చెయ్యి ఆగింది.

ఒక్కొక్కటి తుడుస్తుంటే
ప్రతిసారి అడుగుతది, ఖాయమేనా అని.
ఖాయమే.
తస్నీమ్ పోయింది, తన్సీమ్ పోయింది.
ఆఖరికొకటి మిగిలింది:
మీకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

ఇది ఎవలు చెప్పిన్రో.
ఒక్కో మొకం తెచ్చుకొని చూసిన.
సత్తెవ్వ బస్సులనే నిద్రపోతది,
ఖదీర్ భాయ్ అసొంటి మాట అననే అనడు.
ఆయనను అడగలే.
దాన్ని ఉండనిచ్చిన,
ఎవలన్న ఎతుక్కుంట వస్తే ఇయ్యొచ్చని.

ఇయ్యాల పొద్దున్నే సత్తెవ్వ వచ్చింది.
"నా సంగతి యాదికున్నదా దానికి?"
లేదవ్వా, తుడిచిన అన్న.
ఆమెకేం రంది లేదు. కాళ్ళు జాపుకొని కూసొని
మల్ల మొదటి నుంచి మొదలువెట్టింది.
ఈసారి మార్చి అనలే, ఫిబ్రవరి అన్నది.
పోయినసారి చెప్పని ఒక చెల్లె కూడ వచ్చింది కథలకి.

ఏది నిజమని అడగలే.
పైన ఆమె పేరు రాసి,
కింద ఆమె చెప్పినట్టు రాసిన.