గోరింక గుర్తు

ఏడు రోడ్ల కూడలికి ఈవల, పాలకొండ రోడ్డులో
పదడుగుల కొట్టు నాది.
కార్లు అమ్మను. కార్లలోంచి ఊడిపోయేవి అమ్ముతాను:
బుష్షులు, బేరింగులు, క్లచ్చు తీగలు, వైపరు రబ్బర్లు.

కంపెనీ చేతులు మారిందని
పేపరు కంటే ముందు నాకు అట్టపెట్టె చెబుతుంది.
రంగు మారుతుంది. పార్టు నంబరు ముందు
ఎవరిదో కొత్త ఇంటిపేరు చేరుతుంది.
లోపల అదే రబ్బరు ముక్క.
ధర మాత్రం పెళ్లికి ముస్తాబై వస్తుంది.

మైనా అని కంపెనీవాళ్లు పెట్టిన పేరు.
మా శ్రీకాకుళంలో ఎవరూ అలా అనలేదు. గోరింక.
బానెట్ మీద ఇత్తడి పిట్ట, రెక్క విప్పి,
ముక్కు కొంచెం వంకర.
హిరమండలం ట్రిప్పుకి ముందు రోజూ
చింతపండుతో తోమేవాడు దాలినాయుడు.

మొదటి యజమాని ఇంజనీరట, నేను చూడలేదు.
తలుపు కీలు కిర్రుమంటోందని
దాలినాయుడు నా చేత కార్డుముక్క రాయిస్తే
నెల తిరక్కుండా కీళ్లు వచ్చాయి. రెండు.
'ఒకటి అరిగితే ఇంకొకటి' అని చీటీ, సిరాతో.

ఆయన పోయాక కొడుకులు కోర్టుకెక్కారు.
కోర్టు మెట్ల మీంచి దొర్లి కంపెనీ
సిమెంటు వ్యాపారుల ఒళ్లో పడింది.
బస్తాలు తూచినవాళ్లు, బరువు ఖరీదు తెలుసు:
రేకు పలచన చేశారు,
పిట్టని స్టిక్కరు చేశారు.
కళింగపట్నం ఉప్పుగాలి మొదటి వానాకాలం
తలుపు అడుగున బియ్యపుగింజంత కన్నం పెట్టింది.
రెండో వానాకాలానికి నా వేలు పట్టింది.

పొలం చేతులు మారితే మన్ను మారదంటారు.
నిజమే. ఎరువేసేవాడు మారతాడు.

మూడోవాడు సముద్రం అవతలివాడు.
షోరూముకి బంతిపూల దండలు కట్టారు ఆవేళ,
నేనూ వెళ్లి లడ్డూ తిన్నాను.
వాడికి కావలసింది ఫ్యాక్టరీ కింద నేలట,
మాకు తెలిసేసరికి ఏడాది.
గోరింకని ఆపేస్తారట, అన్నారెవరో.
ఆ చివరి 'ట' ఒక్కటి చాలింది.
శనివారం లక్షా నలభై పలికిన బండి
ఆదివారం అరవైకి దిగింది.
ఇంజను చెడలేదు, మాట చెడింది.

"నా బండేటి పాపం సేసినాది బావూ?
నిన్న పాతపట్నం ఎల్లొచ్చినాది,
దగ్గు కూడా నేదు" అన్నాడు దాలినాయుడు.
నా దగ్గర జవాబు లేదు.
అప్పు తెచ్చి కొన్న పదహారు క్లచ్చు ప్లేట్లున్నాయి.
మా రాజేశ్వరి వాటిని లెక్కపెట్టి,
మళ్లీ లెక్కపెట్టి,
ఏమీ అనకుండా పొయ్యి దగ్గరికి వెళ్లింది.

బండిని కిలోల లెక్కన తూచిన రోజు
నా స్క్రూడ్రైవరే అడిగి తీసుకున్నాడు.
పిట్టని విప్పి నా గల్లాపెట్టెలో పడేసి
"ఉండనీ" అన్నాడు, అంతే.
ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో రాత్రి కాపలా.

ఇక నాలుగోవాడు. వీడు పేరు ఒక్కటే కొన్నాడు.
బ్యాటరీ బండి, పొగ లేదు, చప్పుడు లేదు.
హైవే పక్క అద్దాల షోరూము నుంచి
మెడలో ట్యాగుతో ఓ కుర్రాడొచ్చాడు, హేమసుందరట.
"పాత ఇత్తడి బొమ్మ ఉందా అంకుల్?
గోడకి పెడతాం. మన వారసత్వం కదా."
ఎవరిదిరా నాయనా ఆ 'మన'?
గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆన్చి
లేదన్నాను.

అయినా ఆశ చావదు, చూడ్డానికి వెళ్లాను.
కూర్చున్నాను. చక్రం పట్టుకున్నాను.
బానెట్ ఎత్తితే చెయ్యి పెట్టడానికి చోటు లేదు.
దిగి తలుపు వేశాను.

ఆ చప్పుడు.

మోకాళ్లు పట్టేసినా వంగి చూశాను:
అదే కీలు, అదే మూడు బోల్టుల కీలు.
నలుగురు చేతులు మారినా
ఎవడి కన్నూ పడనంత చిన్నది.
"ఏం వెతుకుతున్నారు అంకుల్?" అన్నాడు కుర్రాడు.

అరిగితే నా దగ్గరికి రమ్మన్నాను.
ఒకటుంది,
చీటీతో సహా.