పన్నెండో గీత

పదకొండు పేర్లు రాయడానికి పావుగంట పట్టింది.
పన్నెండో గీత దగ్గర
టీ చల్లారి మీగడ కట్టింది.

పటమట గ్రౌండులో లైట్లు ఇంకా ఆర్పలేదు.
"నెట్టు విప్పనా సార్" అని
వాచ్‌మన్ రెండుసార్లు అడిగిపోయాడు.
బందరు రోడ్డు మీద ఏదో లారీ
నన్నే తొందరపెడుతున్నట్టు హారను కొడుతోంది.

నాగుల్ మీరా.
ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని.
పంతొమ్మిదేళ్లు. అయిదడుగుల ఆరంగుళాలు.
వాడు ముట్టుకున్న ప్రతి బంతి మీదా గ్రీజు వేళ్లు.
రెండో లిఫ్టరు.
రెండో లిఫ్టరంటే తెలుసుగా,
మొదటివాడి మోకాలు బాగున్నన్నాళ్లూ
వాడి తువ్వాలు పట్టుకుని కూర్చునేవాడు.

ఈ ఏడు ఆడింది మూడు మ్యాచులు,
అన్నీ కలిపి పదకొండు నిమిషాలు.
ఎత్తిన బంతులు పంతొమ్మిది, డబుల్ టచ్‌లు రెండు.
స్కోరు పుస్తకం అంతకుమించి నోరు విప్పదు.
ఆపాటి టైములో మా ఆవిడైతే
గంపెడు బెండకాయల్లో ముదురువన్నీ ఏరేస్తుంది.
బెండకాయకి తోకుంది.
వీడికేం విరిచి చూడను?

కార్యదర్శి గారు మధ్యాహ్నమే అన్నారు,
"రెండో లిఫ్టరు దండగండీ,
ఆరడుగుల రెండంగుళాల కుర్రాడున్నాడు,
నెట్టు దగ్గర నిలబెడితే గోడే."
మాటలో తప్పు లేదు.
ఆ గోడ ఆయన మేనల్లుడు కావడం కూడా తప్పేం కాదు,
ఎత్తు ఎత్తే.

గుడివాడ మ్యాచ్ గుర్తొస్తోంది.
మూడో సెట్టు, ఇరవైరెండు ఇరవైమూడు.
ప్రభుకిరణ్ కాలు మడతపడి కూలబడితే వీణ్ణి దింపాం.
అవతలి బ్లాకర్లు ముగ్గురూ ఎడమకి వాలిపోయారు.
వీడు చూడనుకూడా చూడలేదు,
తల మీదుగా వెనక్కి, కుడి మూలకి వేశాడు.
అక్కడ నెట్టు మీద చేతుల్లేవు, ఒట్టి ఆకాశం.
ఇన్నయ్య ఎగరలేదు.
ఎగరాలని తోచలేదు అతనికి.
బంతి నెమ్మదిగా వచ్చి
పండిన జామకాయలా మన కోర్టులోనే రాలింది.

పుస్తకంలో అది పోయిన పాయింటు.
ఏడాది మొత్తమ్మీద
నేను చూసిన మంచి బంతి అదే.

ఇంకో సంగతుంది, అదే గుచ్చుతోంది.
బంతి పడగానే వీడు చేయెత్తి
"నాదే అన్నా, తప్పు నాదే" అన్నాడు.
ఎంత వినయమో అని చూసేవాళ్లు మెచ్చుకున్నారు.
నాకు షెడ్డు కనిపించింది.
రెంచి జారినా, వెల్డింగు ఊడినా, ఎవడు చేసినా,
మేస్త్రీ అరవకముందే నాదే అనేసే అలవాటు.
లిఫ్టరుకి పనికిరాదది.
అయిదుగురిని ఎగరమని చెప్పాల్సినవాడు
తలొంచుకుంటే బంతీ తలొంచుకుంటుంది.

సరే, నా సంగతీ చెప్పాలిగా.
ఎనభై ఆరులో ఏలూరు పోటీలకి
నేనూ పన్నెండోవాణ్ణే.
ఆరు రోజులు గట్టు మీద కూర్చుని
జట్టు అరటిపళ్లు లెక్కపెట్టాను.
వీణ్ణి చూస్తే జాలేస్తోందంటే
ఆ జాలి ఎవరి మీదో ముందు తేలాలి.
నా గట్టుకి నేనే ఓటేసుకుంటే
అది సెలక్షను కాదు.

అందుకే మేనల్లుణ్ణి రాసేద్దామనుకున్నాను.
పెన్ను మూత తీశాను కూడా.

అప్పుడు వినిపించింది నెట్టు వైపు నుంచి.
అందరూ వెళ్లిపోయాక ఇద్దరే మిగిలారు,
వీడూ, ఇన్నయ్యా.
వీడికి అంత గొంతుందని నాకు తెలీదు.
"నన్ను చూడకన్నా. బంతినీ చూడకు.
నువ్వెగురు.
అదక్కడుంటది."

మొదటిసారి లేదు.
రెండోసారి వేళ్ల చివర తగిలి
సైకిళ్ల మధ్యకి పోయింది.
"నాది కాదు. నువ్వే లేటు. మళ్లీ."

మూడోసారికి వాచ్‌మన్ విసిగి లైట్లార్పేశాడు.
చీకట్లో అరచేయి పడిన చప్పుడు,
నిండుగా.
బంతి గీత లోపల పడిందో బయట పడిందో
ముగ్గురిలో ఎవరం చూడలేదు.

ఫోను వెలుతురులో పేరు రాశాను.
పక్కన కారణం అని ఒక గడి ఉంది.
కార్యదర్శి గారు అది చదవకుండా వదలరు.
స్కూటరు స్టార్టయ్యేదాకా ఆలోచించాను
ఏం రాయాలా అని.
స్టార్టయింది.