ఎదురెండ

పురమందిరంలో ఫోటోల ప్రదర్శన, ప్రవేశం ఉచితం.
అందుకే వెళ్ళాను మొదటిసారి.
సైదాపురం బస్సుకు ఇంకా గంటన్నర ఉంది,
బయట మార్చి ఎండ, లోపల నాలుగు ఫ్యాన్లు.

గోడ పొడుగునా నడిచాను,
పెళ్ళిలో పరిచయం లేని చుట్టాల్ని దాటినట్టు.
ప్రతి ఫోటోకీ ఒక ఫోటో తీసుకున్నాను,
నలభై మూడు.
అన్నిట్లోనూ అద్దం మీద నా నీడ పడింది,
ఇంటికెళ్ళాక గాని చూసుకోలేదు.

రెండోసారి ఒక్క దాని ముందే ఆగిపోయాను.
ఎవరో ముసలామె. కిటికీ పక్కన.
సగం ముఖం వెలుతురు, సగం అసలు లేనే లేదు.
లేని సగాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో,
స్టూలు మీది వాచ్‌మన్ మస్తానయ్య గొంతు సవరించుకున్నాడు:
"తొమ్మిది దినాల్నించి చూస్తన్నా పాపా.
ముందు ముఖం కనపడింది.
తర్వాత కిటికీ.
నిన్నట్నించీ, తీసినోడు యాడ నిలబడ్డాడో కనపడతండాది."

ఆ మాట బస్సులో నా పక్క సీట్లో కూర్చుంది,
వెంకటాచలం దాటినా దిగలేదు.

అయినా బుద్ధి రావాలి కదా.
ఆదివారం మా అవ్వను కిటికీ పక్కన కూర్చోబెట్టాను.
ఇటు తిరుగు, నవ్వొద్దు, కొంగు నెత్తిన కప్పుకో.
ఆ ముసలామె చీకటి మా రవణవ్వకు ఎంతకీ అతకలేదు.
మా ఇంటి కిటికీకి తలుపు లేదు,
వెలుతురుని సగంలో ఆగమంటే ఆగదు.
పదహారో ఫోటోకి అవ్వ లేచి నిలబడింది:
"నన్ను ఇంకెవురిగానో కూర్చోబెడతండావు మే."

అలిగాను. ఆమె పట్టించుకోలేదు.
అటక మీంచి డబ్బా దించింది,
బిస్కెట్ల డబ్బా, మూత మీద రంగు వెలిసిన పాప.
లోపల గుడ్డలో చుట్టిన అభ్రకం పలక,
గని మూసేసిన నాడు బొడ్లో దోపుకుని తెచ్చిందట.
చాకు మొన అంచున పెట్టి
ఊపిరి బిగబట్టి
ఒక పొర లేపింది.
ఉల్లిపొర దాని ముందు దుప్పటి.

ముప్పయ్యేళ్ళు ఆమె పని అది.
షెడ్డులో తూర్పు ముఖంగా బారుగా కూర్చుని
పొర లేపడం, ఎండకెత్తడం, ఒక కన్ను మూయడం,
మచ్చ ఎక్కడుందో చెప్పడం.
మచ్చ లేనిది కుడి గంపలోకి, ఓడెక్కి ఎక్కడికో.
మచ్చున్నది ఎడమకి. ఎడమ గంపకు కూలి సగం.

ఎదురెండలో ఒంటికన్నుతో చూసే మనిషిని
ఇంట్లో పెట్టుకుని నేను
నెల్లూరు పోయి, టికెట్టు లేని వెలుతురు కోసం...

"చూడు" అని చేతికిచ్చింది.
చూశాను.
పెరట్లో దండెం, దండెం మీద నాయన లుంగీ,
అన్నీ నీళ్ళ టీ రంగులో.
మధ్యలో చీమ తలకాయంత నల్ల మచ్చ.
అవ్వ అవతల నిలబడింది.
ఎటు జరిగినా మచ్చ ఆమె ముఖం మీదికే వస్తోంది.
ఫోను కంటికి ఆ పొర అడ్డంపెట్టి
ఒక్కటే తీశాను.

ఆ రాత్రి నలభై మూడూ చెరిపేశాను.
కాదు, నలభై రెండు.
ఒకదాంట్లో నా నీడ
ఆ ముసలామె లేని సగంలో సరిగ్గా ఇమిడింది.

కాలేజీ పోటీ నుంచి అవ్వ ఫోటో వెనక్కొచ్చింది.
"లెన్స్ తుడుచుకొనవలెను" అని వెనకాల ఎర్ర సిరా.
అవ్వకు చదివి వినిపించాను.
"ఎడం గంపలో ఏశారా," అంది,
"కూలి సగమన్నా ఇచ్చారా?"

దసరా సెలవుల్లో ఇంకో ప్రదర్శన వచ్చింది.
మేకులు అవే, ఫోటోలు వేరే, స్టూలు మీద మస్తానయ్యే.
ఫోను సంచిలోంచి తీయలేదు.
ఒక పడవ ముందు నిలబడి ఒక కన్ను మూశాను.
"ఏం పాపా, కంట్లో నలుసా?" అన్నాడు.
లేదన్నాను.
తీసిన మనిషి ఎంత ఎత్తున ఉన్నాడో వెతుకుతూ
మోకాళ్ళు కొద్దిగా వంచాను,
తర్వాత ఇంకొద్దిగా.