ఇరవై ఎనిమిదా, ఇరవై ఐదా

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో పక్కపక్కనే రెండు షెడ్లు.
ఒకటి ఇన్నయ్యది, ఒకటి మస్తాన్‌వలీది.
మధ్యలో రేకు గోడ.
ఆ గోడకి వయసు మూడేళ్లు,
పొత్తులో కొన్న లేత్ మెషీను అమ్ముడుపోయిన నాటి నుంచీ.

"మలుపులో పడవలా ఒరుగుతోంది" అన్నాను
నా కాంటెస్సా బానెట్టు మీద చెయ్యేసి.
ఇన్నయ్య కింద దూరాడు.
ముందు స్టెబిలైజర్ని స్పానరుతో టక్కున కొట్టి, మోత విని,
"ఇది రాడ్డు కాదు సార్, మునక్కాడ.
ఇరవై ఎనిమిది ఎమ్మెమ్ వేద్దాం. ఒరగమన్నా ఒరగదు.
వంచాల్సింది మాత్రం ఆయన. వెళ్లి చెప్పండి."

ఆయనంటే, రేకు అవతల పదడుగులు.
చుట్టూ తిరిగి వెళ్లాను.

కొలిమిలో లారీ పట్టా ఎర్రబడుతోంది.
మస్తాన్‌వలీ సుద్దముక్కతో నేల మీద రెండు సున్నాలు చుట్టాడు,
రెండ్రూపాయల బిళ్లంత ఒకటి,
పది రూపాయల బిళ్ల కన్నా వెంట్రుకవాసి పెద్దది ఒకటి.
"చూపుకి తేడా ఇంతే.
మెలిపెట్టి చూడండి, పెద్దదానికి ఒకటిన్నర రెట్ల మొండితనం.
ఎడం చక్రానికీ కుడి చక్రానికీ చెయ్యి కలిపేదే కదా ఈ రాడ్డు?
మరీ గట్టిగా పట్టుకుంటే
ఒకడు గుంతలో పడ్డప్పుడు రెండోవాడికీ నడుం విరుగుద్ది.
ఇరవై ఐదు చాలు. ఆయనకి చెప్పండి."

చెప్పాను.
"మెత్తగా వేసి పెళ్లివారిని తిప్పుకోమనండి!"
చెప్పాను.
"ముందొక్కటే బిగిస్తే ముక్కు తిరగదు, కాలవలోకి పోద్దని చెప్పండి."
"అయితే వెనక పదహారుది ఒకటి వెయ్యమనండి."
"వానరోజు తోక ముందుకొస్తే ఎవరు పూచీ అని అడగండి."
నాలుగో తిరుగుడుకి ఒక మాట మర్చిపోయి
ఒక మాట సొంతంగా కలిపాను.
ఇద్దరూ దానికే ఎక్కువ మండిపడ్డారు.

డబ్బు నాది. లావుదే అన్నాను.
యాభై రెండేళ్లొచ్చినా
లావుదంటే ఒక నమ్మకం.

మస్తాన్‌వలీ మారు మాట్లాడకుండా వంచాడు.
నూనెతొట్టిలో ముంచితే బుస్సుమంది.
ఇన్నయ్య కొత్త బుష్‌లకి గ్రీజు పూసి,
లింకులు బిగించి, చేతులు కిరసనాయిల్లో కడుక్కున్నాడు.

ఆదివారం పొద్దున
తప్పు ఎవరిదో తేలాలని ఇద్దర్నీ వెనక సీట్లో ఎక్కించాను.
ఒకాయన ఎడం కిటికీకి, ఒకాయన కుడి కిటికీకి.
బ్యారేజీ మీద ఒక్క పలుకు లేదు.
కృష్ణ మీద పొగమంచు, గేట్ల దగ్గర కొంగలు.

సీతానగరం దాటి కరకట్ట ఎక్కాక
మొదటి మలుపు అరవైలో తీశాను.
కారు గీత గీసినట్టు తిరిగింది.
ఒంట్లో ఒక చల్లని సంతోషం.
పాత రాడ్డున్న రోజుల్లో వెనక కూర్చున్నవాళ్లు
మలుపుకొకసారి ఒకరి ఒళ్లో ఒకరు పడేవాళ్లు.
ఇప్పుడు అద్దంలో చూస్తే
ఇద్దరి మధ్యా ఆ జానెడు సీటు అలాగే ఉంది.
దీనికా ఇంత ఖర్చు పెట్టింది, అనిపించింది.

అప్పుడొచ్చింది, అరటితోట పక్కన, గుంత.
కుడి చక్రం పడింది.
ఎడం చక్రమూ ఎగిరింది.
రెండు తలలు ఒకేసారి టాపుకి కొట్టుకున్నాయి.
ఒకే బూతు, రెండు గొంతులు.

క్షణం నిశ్శబ్దం.
"చెప్పానా ఇరవై ఐదని!"
"గుంత చూడంది ఆయన, తప్పు నా రాడ్డుదా?"
"నీ రాడ్డేంటి, వంచింది నేను!"
"వంచింది నువ్వే. కొలత పట్టింది ఎవడు?"
"లేత్ ఉంటే సరిగ్గా పట్టేవాణ్ణి."
"అమ్మమంది నువ్వు!"
"నువ్వు!"

నా మీదుగా కాకుండా
నేరుగా, ఉమ్ము తుంపర్లతో,
కరకట్ట పొడుగూతా.

ముందు ఇంకో గుంత కనిపించింది.
స్టీరింగు నా చేతిలోనే ఉంది, తప్పించొచ్చు.

వీపు కాస్త సర్దుకుని
అటే పోనిచ్చాను.