రెండో చోటు

ఒంగోలు, కర్నూలు రోడ్డు, మిట్టమధ్యాహ్నం.
చుక్కలు మెరిసే చీమకుర్తి రాతిబల్ల మీద
జిలానీ నాలుగు పెట్టెలు పరిచాడు.
సబ్బుబిళ్ళంతది ఒకటి, అగ్గిపెట్టెంతది ఒకటి,
మిగతా రెండూ అప్పడాల పొట్లాల్లా బల్లపరుపు.
"హార్డ్ డిస్కు దేనికి సార్?"
నాటకాలకి, అన్నాను.
నవ్వలేదు. అక్కడే నచ్చాడు.

తిరునాళ్ళకి తిరిగే మనిషిని నేను.
రాజు వేషగాడు మైకు పట్టుకుని రాగం తీస్తుంటే
తెల్లారేదాకా దుప్పటి కప్పుకుని
కెమెరాకి కాపలా కాస్తాను.
పొదిలిలో దుమ్ము, కొత్తపట్నంలో ఉప్పుగాలి,
కొండపిలో ఒకసారి నాలుగో పద్యం మధ్యలో వాన.
గొడుగు కెమెరాకి పట్టాను.
జనం నన్ను చూసి నవ్వారు, రాజు కూడా.

పాతది కనిగిరి బస్సులో పోయింది.
వెనక సీటు, స్పీడు బ్రేకరు,
ఒళ్ళోంచి జారి కాళ్ళ దగ్గర పడింది. అంతే.
పెద్ద ఎత్తేం కాదు, మోకాలెత్తు.
ఇంటికొచ్చి తగిలిస్తే లోపల ఎవరో
నాలుక చప్పరిస్తున్నట్టు
చ్చు... చ్చు... చ్చు...
మూడొందల పన్నెండు రాత్రుల మీద
దానికి జాలేసినట్టుంది.

బాగుచేసేవాడు అడిగిన డబ్బుకి
ఆరు కొత్త హార్మోనియాలొస్తాయి.
ఆ మాటే హజరత్తయ్యకి చెప్పాను,
ఆ రాత్రులన్నిట్లో హార్మోనియం ఆయనదే.
"పోతే పోయిందిలేబ్బా, మళ్ళీ వాయిస్తా" అన్నాడు.
వాయించాడు కూడా. అదే పద్యం, అదే మోహన.
అది మాత్రం కాదు.

"ఇది లోపల తిరుగుద్ది, ఇది తిరగదు.
తిరిగేది చవక, చోటెక్కువ. పడితే మాత్రం నన్నడగొద్దు.
తిరగనిది ప్రియం, చోటు సగం,
మంచం మీంచి పడ్డా దులుపుకుని లేస్తది."
చేతిలోకి తీసుకున్నాను.
కొబ్బరికాయలా చెవి దగ్గర పెట్టి ఊపాను.
"ఊపకూడదు సార్."

పాస్‌వర్డు పెట్టుకోవచ్చంట.
మర్చిపోతే?
"పోయినట్టే."
వద్దన్నాను. నా నాటకాలు ఎవడెత్తుకుపోతాడు?
ఎత్తుకుపోయినోడు కనీసం ఒకటన్నా చూస్తాడు.

తేల్చుకోలేక నిలబడి ఉంటే
మా నాయన గుర్తొచ్చాడు, ఇందుకూరుపేటలో,
మొలగొలుకుల విత్తనం మూటలు కడుతూ.
సగం మా అటక మీదికి.
సగం బండెక్కి, ఏరు దాటి,
విడవలూరులో మేనత్తింటికి.
అంత దూరం ఎందుకు నాయనా అంటే
"పెన్న రెండు పక్కలా ఒకేసారి పొంగదులే" అన్నాడు.
ఒక ఏడు రెండు పక్కలా పొంగింది.
అది వేరే సంగతి.
మర్నాడు ఆయన మూడో ఊరు వెతికాడు.

"రెండూ ఇవ్వు" అన్నాను.
జిలానీ నాలుగొందలు తగ్గించి
రబ్బరు తొడుగు ఊరికే ఇచ్చాడు.
జానెడు వైర్లు రెండూ చుట్టి
జడలకి కట్టినట్టు రబ్బరుబ్యాండ్లేశాడు.

తిరగనిది నాతో తిరుగుద్ది.
తిరిగేది కదలకుండా కూర్చోవాలి,
అందుకని దాన్ని కందుకూరులో దిగి
హజరత్తయ్య చేతిలో పెట్టాను.
ఆయన హార్మోనియం పెట్టె తెరిచి
ఎర్ర ముఖమల్ గుడ్డ కింద దాన్ని పడుకోబెట్టి
"ఇందులో నేనున్నానా?" అన్నాడు.
లేవు. ఇంకా ఖాళీ.
"మరి ఇంత జాగ్రత్తెందుకు?"
జవాబు తోచలేదు. టీ తాగాం.

ఇప్పుడు ఉలవపాడు బస్సులో ఉన్నాను.
రాత్రి పదింటికి నాటకం, అంటే పన్నెండుకి.
చొక్కా జేబులో రెండోది,
ప్రతి గతుక్కీ చెయ్యి దానంతటదే పోతోంది గుండె మీదికి.
నిండినా ఇంతే బరువుంటదంట,
జిలానీ చెప్పాడు.
నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు.