పది సెకన్ల తర్వాత

హాప్సలు రేవులో సముద్రం గడ్డకట్టిన వారం
ఒక యాంప్లిఫయర్ మొదలుపెట్టాను.
చిన్నదే. బిస్కెట్ల డబ్బాలో పట్టేంత.

కరెంటు ట్రాన్స్‌ఫార్మర్,
మూతబడిన బడిలో సినిమా ప్రొజెక్టర్‌ది.
స్పీకరు వైపుది, ఎవరి పెళ్ళికానుకో, ఒక రేడియోలోది.
దాని లోపల ఎలుక గూడు,
గూట్లో పేపరు ముక్క,
ముక్క మీద ఏ ఏడుదో బార్లీ దిగుబడి లెక్క.
డబ్బా మాత్రం మా అత్తది.
మూత మీద ఎర్రకోటు పిల్ల బొమ్మ.
డ్రిల్లు జారింది.
ఇప్పుడా పిల్లకి స్విచ్చే ముక్కు.

పాతవాళ్ళు తీగని ఊరికే అతికించలేదు.
మెలేసి, ముడేసి, ఆపైన సీసం పోశారు.
విప్పేవాడు ఒకడొస్తాడని
వాళ్ళు కలలో కూడా అనుకోలేదు.
రెండు వేళ్ళు కాలాయి.

అన్నీ దొరికాయి, పెద్ద వాల్వు తప్ప.
వెనకింటి లెంబిత్ తెచ్చాడు, ఊలు మేజోడులో చుట్టి,
కోడిగుడ్డు తెచ్చినట్టు.
"ఎక్కడిది?"
"పనిచేసిన చోటిది."
ఎక్కడ పనిచేశాడో వీధంతా తెలుసు, ఎవరూ అనరు.
పైన్ చెట్ల వెనక ఒక కంచె, స్తంభాలు,
అవతలి ఒడ్డు నుంచి వచ్చే మాటల మీద
రంపపు రొద పోసి నోరు నొక్కే గది.
మా నాన్న దుప్పటి ముసుగులో
రేడియోకి చెవి ఆనించి వార్త వెతుక్కున్న రాత్రుల్లో
ఆ రొద ఈ వాల్వుదే కావచ్చు.
కాకపోవచ్చు కూడా.
గాజు మీద నెంబరు చెరిగిపోయింది.
తీసుకున్నాను. థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు.

ఎడమచెయ్యి జేబులో పెట్టుకోవాలి.
రెండొందల యాభై వోల్టులకి
గుండె మీదుగా దారి చూపించకూడదు.
మా పనిలో మొదటి పాఠమూ ఇదే, ప్రార్థనా ఇదే.
స్విచ్చి వేశాను.
గాజులో మిణుగురంత ఎరుపు,
దుమ్ము కాలిన వాసన,
ఆపైన గుంయ్‌మని హోరు.
తీగలు మెలేసి, ఎర్తు జరిపి
సగం తగ్గించాను. మిగతా సగంతో రాజీపడ్డాను.

మేజోడు అడగడానికి వచ్చాడు లెంబిత్.
కూర్చోమని ఒక రికార్డు పెట్టాను,
ఎవరో ఆడమనిషి, అకార్డియన్, ఒక పడవ సంగతి.
పాట ఎత్తుకుని పది సెకన్లయిందో లేదో
అతని కుడిచెయ్యి దానంతటదే లేచి
గాల్లో లేని మీట కోసం తడుముకుంది.
నేను చూశాను.
నేను చూడడం అతనూ చూశాడు.
చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు,
బడిపిల్లాడిలా.

"పంతొమ్మిదేళ్ళు," అన్నాడు.
"ఏది నొక్కాలో తెలియాలంటే
ముందు వినాలి కదా.
ఎన్ని పాటలు తెలుసనుకున్నావు నాకు,
ఎత్తుగడ వరకూ!
చివరలే తెలీవు."

ఏమనాలో వెతుక్కుంటున్నాను. అప్పుడే
డబ్బాలో ఫట్‌మంది.
పిసినారితనంతో మార్చకుండా వదిలేసిన
పాత కెపాసిటర్.
చేప మాడిన వాసన, పొగ.
పడవ నడిసముద్రంలో ఆగిపోయింది.
లెంబిత్ నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
"చూశావా, దాని బుద్ధి పోలేదు!"
వాల్వుకేం కాలేదు, మెల్లగా చల్లబడుతోంది.
తప్పు దానిది కాదన్నాను.
ఎనభై సెంట్లు మిగుల్చుకున్న నాది.

కొత్త కెపాసిటర్ మంగళవారం వచ్చింది.
అతను గురువారం వచ్చాడు,
మంచులో సొంత కుర్చీ మోసుకుంటూ.
చేతులున్న కుర్చీ.
రెండు చేతుల్నీ దాని చేతుల మీద పెట్టి
గట్టిగా పట్టుకున్నాడు.
మేజోడు ఊసు ఇద్దరం ఎత్తలేదు.
పడవ ఏ ఒడ్డుకి చేరిందో అతను వింటున్నంతసేపూ
నేను కిటికీ వైపు తిరిగి
అప్పటికే శుభ్రంగా ఉన్న సోల్డరింగ్ కడ్డీని
తుడుస్తూ నిలబడ్డాను.

పాట అయిపోయింది.
సూది ఉత్తి గీతల్లో తిరుగుతోంది.

"ఇంతేనా?" అన్నాడు.
"ఇంతే."
"ఇంకా చాలా ఉంటుందనుకున్నాను."