రీడింగు సున్న

మొదటిసారి చూసింది గేటు బజారు ట్రాన్స్‌ఫార్మరు మీద.
ప్రమాదం అని పుర్రె బొమ్మ వేసిన రేకు.
ఆ పుర్రె నుదుటి మీద ఎవరో బొట్టు పెట్టినట్టు
ఎర్ర రేడియం స్టిక్కరు,
రూపాయి బిళ్ళంత, నడుమ ఖాళీ.

ఆ తర్వాత బరంపురమంతా అదే.
స్టేషను వంతెన పదమూడో మెట్టు.
ఇల్లు అద్దెకు అన్న కాగితం.
మొలల వైద్యుడి పోస్టరులో ఫోను నంబరు చివర,
ఒక అంకె ఎక్కువై పాపం ఆయనకి ఫోన్లే ఆగిపోయాయట.
కొమ్మపల్లి మలుపులో పడుకున్న ఆవు కొమ్ము మీద కూడా.

నేను మీటర్లు చూసేవాణ్ణి.
ఈ ఊరి గోడల్ని నా అంత దగ్గరగా
బల్లులు తప్ప ఎవరూ చూడరు.

టీ కొట్టు ఊర్మిళ గొంతు తగ్గించింది:
"దొంగల గుర్తు బాబూ.
ఏ ఇంట్లో మనుషుల్లేరో చెప్పుకోడానికి."
ఆటో త్రినాథ మాత్రం, "కొత్త పార్టీ ఏదో. ఎన్నికలు రానీ" అన్నాడు.
అతని బండికే మూడున్నాయి,
ఎవరంటించారో తెలీదు.
పట్టు నేసే కూర్మయ్య తాత
కళ్ళజోడు నుదుటికెత్తి, గోటితో గీకి, వాసన చూసి
"సున్న రా. మన నేతోళ్ళ సంగం లెక్క తేలిపోనాది" అని
దగ్గొచ్చేదాకా నవ్వాడు.

వానల్లో ఒకరోజు పాత బస్టాండు వెనక
రేడియం దుకాణం మీటరు చూడ్డానికి వెళ్ళాను.
దండాసి అని ఒక కుర్రాడు, మీసం ఇంకా ఆలోచిస్తోంది.
స్కూటరు నంబరు కోసే ముందు
మిషను చేత చిన్న ఉంగరం ఒకటి కోయించాడు.
కత్తి పదును చూడ్డానికట.
ఉంగరం చిరక్కుండా ఊడి వస్తేనే అసలు పని.
ఊడినదాన్ని చొక్కా చేతికి అంటించుకున్నాడు.
అప్పటికే మోచేతి దాకా ఇరవై, ముప్పై.
"ఇంటికెళ్తూ దార్లో వదిలించుకుంటాను.
కింద పారేస్తే చెప్పులకి పడతాయి, ఓనరు తిడతాడు."

అంతే.
ఊరంతా వెతికిన అర్థం అంతే.
నిజం చెప్పొద్దూ, నాకు కోపమొచ్చింది.
ఊర్మిళకి చెప్పలేదు. దొంగలే బాగున్నారు.

సైకిలు ఎక్కాక తట్టింది,
ప్రతి ఉంగరం వెనక
ఇంకా కోయని మాటొకటి నిలబడి ఉందని.
పాల వ్యాను నంబరు.
లారీ వెనక అమ్మ దీవెన.
సూరతు బస్సు అద్దం మీద సూరతు.
మాటలు బండ్లెక్కి వెళ్ళిపోయాయి.
వాటికంటే ముందు పుట్టినవి
ఇక్కడే, స్తంభాలకీ గోడలకీ, ఎండకి ఎదురుగా.

మొన్న అంకులి వైపు ఒక సందులో
ఎనిమిది ఇళ్ళకి అయిదు తాళాలు.
అందరూ సూరతు మగ్గాల దగ్గర.
చివరింటి మీటరు చక్రం నిద్రపోతోంది,
పోయిన నెల అంకే, అంతకు ముందు నెల అంకే.
వాడకం అన్నచోట సున్న కొడుతూ చూశాను,
డబ్బా మూత మీద కూడా అదే,
వానకి వెలిసి గులాబీ రంగు తిరిగింది.

పక్కింటి అరుగు మీద పలక పట్టుకున్న పిల్ల, కునీ,
"అది ఠ" అంది.
సున్న కదమ్మా, అన్నాను.
"ఠ" అంది మళ్ళీ, నన్ను బెంచీ ఎక్కించేటట్టు.

నిజమే. ఒడియా బడిలో ఠ ఇలాగే ఉంటుంది.
నేను చదివిన తెలుగు బడికి ఇప్పుడు సిమెంటు గోడౌను బోర్డు.
అక్కడ గుండ్రం గీస్తే ఏమీ లేదనే నేర్పారు.

"ఠ తో ఏం మాట వస్తుంది?"
"ఠికొణా."

చిరునామా.

చేతిలో మిషను కీచుమంది, బిల్లు బయటికొచ్చింది:
పేరు, వీధి, వాడకం సున్న, కట్టవలసింది ఎనభై రూపాయలు.
తలుపు కింద నుంచి తోశాను.
లోపల పాత బిల్లుల మీద
కాగితం పడ్డ చప్పుడు.

బొటనవేలికి జిగురు.
ఎప్పుడు గీకానో.
వీధి చివరిదాకా తుడిచాను, పోలేదు.